ఎవరి పంటికి ఎవరి క్యాప్

పాలిష్ మేస్త్రికి క్యాప్ ఏ రోజు వేశారన్నది డిటెక్టివ్ అడిగిన ప్రశ్న. దానికి జవాబుగా పళ్ళ డాక్టరు పన్ను పుట్టుక దగ్గర్నుంచి మొదలుపెట్టాడు.

ఆమె తొమ్మిదింటికల్లా వచ్చి బయట బెంచీ మీద కూర్చుంది. తొమ్మిదీ నలభైకి గాని లోపలికి పిలవలేదు. ఇప్పుడు పదీ అయిదు. ఈ పాతిక నిమిషాల్లో పంటి పైపొర ఎంత గట్టిదో, లోపలి నరం ఎంత సున్నితమో, నరం తీసేశాక ఆ పన్ను ఎండుపుల్లలా ఎందుకు పెళుసెక్కుతుందో అన్నీ తెలిశాయి. తేదీ ఒక్కటి తెలియలేదు. దానికి తోడు పది రోజులుగా ఆమె ఎడమ పైదవడలో పన్నొకటి చల్లనీళ్ళు తగిలితే చాలు జివ్వుమంటోంది. ఎవరికీ చెప్పలేదు. డాక్టరు మాత్రం మాట మధ్యలో ఆపి, మీరు కుడివైపే నములుతున్నట్టున్నారు, ఎడమవైపు పగులు ఉందేమో, ఆలస్యం చేస్తే రెండు ముక్కలవుతుంది, క్యాప్ వేస్తే పది పదిహేనేళ్ళు ఢోకా ఉండదు అన్నాడు. ఒళ్ళు మండింది గాని, జవాబులు కావలసిన మనిషితో గొడవెందుకని ఊరుకుంది.

ఆమెకు యాభై రెండేళ్ళు. పోలీసు శాఖలో ఇరవై రెండేళ్ళు చేసి, ఒక పైఅధికారి రాయమన్న రిపోర్టు రాయలేక బయటికొచ్చి, ఆనాటి నుంచీ సొంతంగా పరిశోధనలు చేసుకుంటోంది. శాఖలో ఆమెను చాటున ‘భూతద్దం’ అంటారు. ఆమెకు తెలుసు.

పోలీసుల లెక్కలో ఇది అసలు కేసే కాదు. పోయిన బుధవారం మధ్యాహ్నం రెండూ నలభైకి, ఫర్నిచరుకు పాలిష్ పెట్టే మేస్త్రి షెడ్డులోంచి పొగ లేచింది. లోపలున్నవన్నీ వార్నిషు, థిన్నరు డబ్బాలు. మూడూ అయిదుకు ఫైరింజను వచ్చేసరికి పైరేకులు కూలిపోయాయి. నాలుగూ పదికి లోపల ఒక శవం దొరికింది. ముఖం గుర్తుపట్టేలా లేదు. ఎత్తు మేస్త్రి ఎత్తే. కుడివైపు కింది దవడలో, ముందు నుంచి లెక్కపెడితే ఆరో పంటికి క్యాప్ ఉంది. స్టేషను నుంచి ఫోను చేసి అడిగితే, మేస్త్రికి సరిగ్గా ఆ పంటికే క్యాప్ వేశామని ఈ క్లినిక్ వాళ్ళు చెప్పారు. మర్నాడు ఆ సంగతి క్లినిక్ పేరుతో సహా పేపర్లో వచ్చింది. ప్రమాదం అని రాసి ఫైలు మూసేయబోయారు.

మూయనివ్వకుండా అడ్డుపడ్డది మేస్త్రి అక్క. తల్లి పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆమే. ఆ శవం నా తమ్ముడిది కాదు, నేను తీసుకోను, సంతకం పెట్టను అని ఎనిమిది రోజులుగా మార్చురీ గుమ్మంలో అదే మాట. ఎందుకు కాదో మాత్రం చెప్పలేకపోయింది. చెప్పగలిగే మనిషి కావాలని డిటెక్టివ్ ఇంటికి వచ్చింది.

కేసు ఒప్పుకోవడానికి డిటెక్టివ్‌కు ఇంకో కారణం కూడా ఉంది. వచ్చే సోమవారం మేస్త్రి కోర్టులో సాక్ష్యం చెప్పాలి. కొత్తగా కట్టిన ఒక బిల్డింగులో మెట్లు కూలి ఇద్దరు కూలీలు చనిపోయారు. మెట్ల కింద ఆనించిన సపోర్టు గుంజలు ఇంకో వారం ఉండాలని ఇంజనీరు చెప్పినా వినకుండా, ఆ ఉదయం కాంట్రాక్టరు దగ్గరుండి వాటిని తీయించాడు. పై అంతస్తులో తలుపులకు పాలిష్ పెడుతున్న మేస్త్రి అది కళ్ళారా చూశాడు. గుంజలు తీసిన ఆ ఇద్దరూ పోయాక, చూసినవాళ్ళలో మిగిలింది అతనొక్కడే. అతను లేకపోతే కాంట్రాక్టరు మీద ఏమీ నిలవదు.

డిటెక్టివ్ నోట్‌బుక్ మూసి టేబుల్ మీద పెట్టింది.

“డాక్టరు గారూ, నాకు తేదీ ఒక్కటి చెప్పండి చాలు. క్యాప్ ఎప్పుడు వేశారు?”

“ఏ క్యాప్ అండీ?”

“ఎన్నున్నాయి?”

“రెండుంటాయి కదండీ. ముందు టెంపరరీది, తర్వాత అసలుది,” అన్నాడు డాక్టరు, ఆ మాత్రం తెలియనివాళ్ళు కూడా ఉంటారా అన్నట్టు చూస్తూ.

ఎనిమిది రోజులు. ఒక స్టేషను, ఒక మార్చురీ, ఒక పేపరు. ఈ ఒక్క ముక్క ఎవరూ అడగలేదు.

అక్కడి నుంచి మాటను పక్కకు పోనివ్వకుండా లాక్కొచ్చింది. మేస్త్రి వచ్చేసరికి ఆ పన్ను లోపలివైపు గోడ విరిగి ఉంది. చీము పట్టింది. నరం తీసి, వేళ్ళ లోపల మందు నింపి, విరిగిన భాగాన్ని లోపల చిన్న కడ్డీ ఆనించి మళ్ళీ కట్టాల్సి వచ్చింది. అలాంటి పన్నును ఉత్తగా వదిలేస్తే, గట్టిది ఏది కొరికినా నిలువునా చీలిపోతుంది. అందుకే చుట్టూ అరగదీసి, దాని మీద టోపీలా క్యాప్ బిగిస్తారు. నమిలే బరువంతా క్యాప్ మోస్తుంది, లోపలి పన్ను చెదరకుండా ఉంటుంది. అరగదీసిన పంటికి అచ్చు తీసి లాబ్‌కు పంపితే పింగాణీ క్యాప్ చేసి పంపడానికి రెండు వారాలు పడుతుంది. అందాకా ఆ మొండి పన్ను బోసిగా ఉండకూడదు కాబట్టి ప్లాస్టిక్‌ది ఒకటి, తేలిగ్గా ఊడేలా మెత్తటి సిమెంటుతో అంటిస్తారు. మేస్త్రికి వేసింది అదే. అసలు క్యాప్ లాబ్ నుంచి మంగళవారం సాయంత్రం వచ్చింది. గురువారం పదిన్నరకు రమ్మన్నారు. బుధవారం షెడ్డు తగలబడింది.

“అయితే అసలు క్యాప్ ఇప్పుడెక్కడుంది?”

డాక్టరు చేతి గ్లవ్స్ తీసి, మడతపెట్టి, మళ్ళీ విప్పాడు. తర్వాత సొరుగులోంచి అగ్గిపెట్టెకు రెండింతలుండే ప్లాస్టిక్ పెట్టె తీశాడు. అందులో ప్లాస్టరుతో పోసిన సగం దవడ, దాని మీద ఆరో పంటికి తొడిగిన క్యాప్. అచ్చం పన్నులాగే ఉంది.

పెట్టెతో పాటు మేస్త్రి ఎక్స్‌రే కూడా తీసుకుంటున్నానని డిటెక్టివ్ చెప్పింది. లాబ్ నుంచి వచ్చినవి బయటికి ఇవ్వమని డాక్టరు గొణిగాడు. రెండుసార్లు చెయ్యి చాపి వెనక్కి తీసుకున్నాడు. ఆమె రసీదు రాసిచ్చి, ఇంకేమీ వినకుండా లేచింది.

వెళుతూ కౌంటరు దగ్గర ఆగింది. షెడ్డు కాలిన రోజు స్టేషనుకు ఫోన్లో ఏం చెప్పావని అక్కడి అమ్మాయిని అడిగితే, ఆ పిల్ల రిజిస్టరు తిప్పి చూపించింది. పేరుకెదురుగా ‘క్యాప్, కుడి, కింద, ఆరు’ అని ఉంది. టెంపరరీయా అసలుదా అని వాళ్ళు అడగలేదు మేడమ్, క్యాప్ వేశారా అన్నారు, వేశామన్నాను అంది. ఆ పిల్ల చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అదే మరీ విసుగ్గా ఉంది.

పదకొండుంపావుకు మార్చురీ దగ్గర ఇన్‌స్పెక్టర్ జీపు కనిపించగానే ఆమెకు నొప్పి పన్ను ఇంకాస్త లాగినట్టయింది.

ఇన్‌స్పెక్టర్ ఆమెకు స్వయానా మరిది. భర్త తమ్ముడు. ఆమె శాఖలో ఉన్నప్పుడు అతను ఆమె కిందే పని నేర్చుకున్నాడు. ఇప్పుడు నేర్చుకున్నదేమీ లేదన్నట్టు ప్రవర్తిస్తాడు. ఇంట్లో అన్నాల దగ్గర కేసుల ఊసెత్తితే ఇద్దరికీ కంచం ఉండదని అత్తగారు ఏనాడో చెప్పేసింది గనక, వాళ్ళ పోట్లాటలన్నీ ఇలాంటి చోట్లే జరుగుతాయి.

అతను మేస్త్రి అక్క ముందు కాగితం పెట్టి నిలబడ్డాడు. ఈ రోజు పన్నెండుకల్లా సంతకం పెట్టకపోతే దిక్కులేని శవం కింద మేమే తీసేస్తామని చెబుతున్నాడు. ఆమె స్టూలు మీద కూర్చుని, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, కాగితం వైపు చూడకుండా గోడ వైపు చూస్తోంది. ఎనిమిది రోజుల్లో ఆమె కళ్ళు గుంటలు పడ్డాయి.

“వదినా, ఇప్పుడు మీరు మొదలుపెట్టకండి,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. కానిస్టేబుళ్ళు ఉన్నారని గుర్తొచ్చి, “మేడమ్,” అని దిద్దుకున్నాడు.

“నేను మొదలుపెట్టను. నువ్వు ముగించకు. శవం నోట్లోంచి తీసిన క్యాప్ చూపించు.”

అది సాక్ష్యమనీ, ప్రైవేటు మనుషులకు చూపించడం కుదరదనీ అతను అన్నాడు. అయితే నువ్వే పట్టుకో, నేను ముట్టుకోను అని ఆమె అంది. దానికి నిబంధన ఏదీ తట్టక అతను తల పట్టుకున్నాడు. ఈలోగా లోపలి గది నుంచి శవపరీక్ష చేసిన డాక్టరమ్మ బయటికొచ్చి, అరవడం అయిపోతే లోపలికి రండి, నాకింకా రెండు కేసులున్నాయి అంది.

స్టీలు టేబుల్ మీద డాక్టరమ్మ ఒక కవరు విప్పింది. మంటల వేడికి సిమెంటు వదిలేసి క్యాప్ ఊడి వచ్చిందట. లోపల లోహం, పైన పింగాణీ. రంగు కాస్త మాడింది, ఆకారం చెక్కు చెదరలేదు. ముఖమంతా కాలినా దవడ పళ్ళు ఎలా మిగిలాయని ఇన్‌స్పెక్టరే అడిగాడు. బుగ్గలు, నాలుక అడ్డుగా ఉంటాయి కాబట్టి వెనక పళ్ళు చివరిదాకా మిగులుతాయని, క్యాప్ ఉన్న పన్ను ఇంకా భద్రమని డాక్టరమ్మ చెప్పింది.

డిటెక్టివ్ మేస్త్రి పెట్టె తెరిచి, ప్లాస్టరు దవడ మీది కొత్త క్యాప్ తీసి పక్కన పెట్టింది. కింద అరగదీసిన మొండి పన్ను కనిపించింది. సన్నగా, లోపలివైపుకు ఒరిగినట్టు ఉంది.

“ఒక పంటికి చేసిన క్యాప్ ఇంకో పంటికి పట్టదు. వెంట్రుకవాసి తేడా వచ్చినా వెనక్కి పంపిస్తారు. ఇప్పుడు ఆ శవం క్యాప్ దీనికి తొడుగు,” అంది మరిదితో.

డాక్టరమ్మ చిన్న పట్టకారుతో క్యాప్ పట్టి ప్లాస్టరు పంటి మీద పెట్టింది. అది సగం దిగి ఆగింది. అటు తిప్పితే ఇటు లేచింది, ఇటు నొక్కితే అటు లేచింది. ఏ గిన్నెదో మూత తెచ్చి ఇంకో గిన్నె మీద పెట్టినట్టు ఊగుతోంది.

వేడికి క్యాప్ ఒంకరపోయి ఉంటుందని ఇన్‌స్పెక్టర్ అన్నాడు. ఒంకరపోతే పైన పింగాణీ పగిలిపోయేదని డాక్టరమ్మ బదులిచ్చింది. అచ్చు తీయడంలో పొరపాటు జరిగిందేమో అన్నాడు. డిటెక్టివ్ మేస్త్రి ఎక్స్‌రేను లైటు పెట్టె మీద పెట్టింది. ఆరో పంటి వేళ్ళలో తెల్లటి గీతలు స్పష్టంగా ఉన్నాయి, నరం తీసి మందు నింపిన జాడ. డాక్టరమ్మ తన ఫైల్లోంచి శవం దవడ ఎక్స్‌రే తీసి పక్కన పెట్టింది. అదే పన్ను. వేళ్ళలో ఏ గీతా లేదు.

“ఈ పంటికి నరం తీయలేదు. పగులేదో ఉంటే విడిపోకుండా క్యాప్ వేసినట్టున్నారు, అంతే,” అంది డాక్టరమ్మ.

“ఆ మందు మంటలకు కాలిపోయి ఉండచ్చుగా?”

“అది ఎముక లోపల ఉంటుంది ఇన్‌స్పెక్టర్ గారూ. అది కాలిపోయేంత వేడైతే నాకు దవడే దొరికేది కాదు.”

ఇన్‌స్పెక్టర్ రెండు ఎక్స్‌రేలనూ మార్చి మార్చి చూశాడు. ఎనిమిది రోజుల క్రితం పేపరువాళ్ళకు తనే స్వయంగా చెప్పిన మాటలు గుర్తొస్తున్నాయని డిటెక్టివ్‌కు తెలుస్తూనే ఉంది. దెప్పాలనిపించింది. గుమ్మంలో మేస్త్రి అక్క నిలబడి ఉండడం చూసి మానుకుంది.

ఆమె ఎప్పుడు లేచి వచ్చిందో ఎవరూ గమనించలేదు. వాడు కాదా అని అడిగింది. కాదని డిటెక్టివ్ చెప్పింది. ఆమె ఏడవలేదు. చేతిసంచీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

“బతికుండి, ఎనిమిది రోజులు ఒక్క ఫోను చెయ్యడా? వాడు కనపడనీ. నేనే చంపుతాను,” అని, ఆ మాట అన్నాక గోడ పట్టుకుంది. డాక్టరమ్మ కుర్చీ జరిపింది.

మేస్త్రి కాకపోతే ఈ మనిషి ఎవరు? క్యాప్ చూసి చెప్పగలిగేది దాన్ని చేసినవాళ్ళే. ఈ ఊళ్ళోని పళ్ళ డాక్టర్లలో ముప్పాతిక మంది క్యాపులు చేయించేది ఊరి అవతలి చివరనున్న ఒకే లాబ్‌లో. క్యాప్ అక్కడికి తీసుకెళ్దామని డిటెక్టివ్ అంటే, ఇన్‌స్పెక్టర్ ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడానికి అయిదు నిమిషాలు, తీసుకెళ్ళడానికి మూడున్నర గంటలు పట్టింది. సాక్ష్యం బయటికి తీయాలంటే ఒక ఫారం. ఫారం మీద ముగ్గురి సంతకాలు. మొదటాయన భోజనానికి వెళ్ళాడు. రెండో ఆయన మొదటాయన సంతకం లేకుండా పెట్టనన్నాడు. మూడో ఆయన పెట్టాడు గాని తేదీ తప్పు వేశాడు. వదినా మరుదులు ఒకే బెంచీ మీద అటు చివర ఒకరు, ఇటు చివర ఒకరు కూర్చున్నారు. ఒకసారి ఇన్‌స్పెక్టర్, అసలు ఆ క్లినిక్ అమ్మాయి సరిగ్గా చెప్పి ఉంటే అని మొదలుపెట్టాడు. సరిగ్గా అడిగి ఉంటే అని ఆమె ముగించింది.

లాబ్ చేరేసరికి నాలుగు కావస్తోంది. పొడవాటి గది, గోడ పొడుగునా అరలు, అరల నిండా నంబర్లు వేసిన ప్లాస్టరు దవడలు. ఆరుగురు పనివాళ్ళు లైట్ల కింద తలలు వంచుకుని, వెంట్రుకంత సన్నని కుంచెలతో క్యాపులకు రంగులు అద్దుతున్నారు. లాబ్ నడిపే పెద్దాయన డెబ్భైకి దగ్గరపడ్డ మనిషి. నుదుటి మీదికి ఎత్తుకున్న కళ్ళజోడు కిందికి దించి, శవం క్యాప్‌ను తిరగేసి లోపలివైపు చూశాడు. అంచు మీద గోరు నడిపాడు.

ఇది మా పనే అన్నాడు. ఎలా తెలుసంటే నవ్వి, ఎవరి చేతిరాత వాళ్ళకు తెలియదా అన్నాడు. మొహం చూస్తూనే డిటెక్టివ్‌కు ఎడమవైపు ఏదో ఇబ్బంది ఉన్నట్టుందని, మంచి డాక్టరుకు చూపించుకుని అచ్చు పంపితే తనే దగ్గరుండి చేస్తానని చెప్పాడు. ఈ రోజు ఆ మాట రెండోసారి వింటున్న ఆమె, ముందు దీని సంగతి చూడండి బాబాయ్ గారూ అంది, చెయ్యగలిగినంత మర్యాదగా.

పెద్దాయన క్యాప్‌ను లైటుకు దగ్గరగా పట్టాడు. ఒక పక్క పింగాణీ మాడలేదు. అక్కడ రంగు తెలుపు కాదు, పొగాకు మరక పట్టినట్టు గోధుమరంగు జీర. ఇది కాలడం వల్ల వచ్చింది కాదు, నేనే వేశాను అన్నాడు. జనం తెల్లటి క్యాప్ అడుగుతారు. పోయిన ఏడాది ఒక్కడు మాత్రం, మిగతా పళ్ళన్నీ సిగరెట్లతో పచ్చబడ్డాయి, ఇదొక్కటే మెరిస్తే నవ్వుతారు, వాటికి తగ్గట్టే చెయ్యమన్నాడట. రంగు కుదరక రెండుసార్లు తిరిగి చేయాల్సి వచ్చింది కనక బాగా గుర్తు.

అరల దగ్గరికి వెళ్ళి, కింది వరసలోంచి ఒకటి, పై వరసలోంచి రెండు దవడలు తెచ్చాడు. మొదటిదానికి క్యాప్ పట్టలేదు. రెండోదానికీ పట్టలేదు. మూడోదాని మీద పెట్టి వేలితో చిన్నగా నొక్కాడు. టిక్‌మని దిగిపోయింది. అంచుకూ ప్లాస్టరుకూ మధ్య గోరు దూరే సందు కూడా లేదు. పెద్దాయన దవడను తలకిందులుగా పట్టుకున్నా క్యాప్ జారలేదు.

దవడ అడుగున అంటించిన చీటీ ఇన్‌స్పెక్టర్ చదివాడు. పేషెంటు పేరు, కింద పనిచేసే చోటు. చదివి, మళ్ళీ చదివి, వదినకు అందించాడు.

“ఇతను కాంట్రాక్టరు డ్రైవరు. పోయిన వాయిదాకు కాంట్రాక్టరును కోర్టుకు తీసుకొచ్చింది ఇతనే. నా జీపుకు అడ్డంగా కారు పెట్టాడని నేను తిట్టాను కూడా. మొన్న కాంట్రాక్టరు కనిపిస్తే కారు తనే నడుపుకుంటున్నాడు. డ్రైవరు సెలవులో ఉన్నాడన్నాడు.”

ఆ చీటీ చేతిలో పట్టుకుని డిటెక్టివ్ స్టూలు మీద కూర్చుంది. ఇంతసేపూ తను గెలవాలని చూసింది. గెలిచింది.

“విను,” అంది మరిదితో. అతను మొదటిసారి ఎదురు చెప్పకుండా విన్నాడు.

బుధవారం మధ్యాహ్నం డ్రైవరు షెడ్డుకు వెళ్ళింది పాలిష్ పెట్టించుకోవడానికి కాదు. మేస్త్రిని లోపలుంచి తగలబెట్టబోయి థిన్నరు ఆవిరికి తనే అంటుకున్నాడో, ఇద్దరికీ పెనుగులాట జరిగిందో మేస్త్రి చెబితే గాని తెలియదు. డ్రైవరు తిరిగి రాలేదని ఆ సాయంత్రమే కాంట్రాక్టరుకు తెలుసు. మర్నాడు పేపర్లో, శవానికి కుడివైపు కింద క్యాప్ ఉందనీ, అది మేస్త్రిదేననీ ఫలానా క్లినిక్ చెప్పిందనీ చదివాడు. డ్రైవరుకు క్యాప్ ఉందని అతనికి తెలియకుండా ఉండదు. అంటే, ఊరంతా మేస్త్రి చచ్చాడనుకున్న రోజునే, మేస్త్రి బతికున్నాడని తెలిసిన ఒకే ఒక్క మనిషి కాంట్రాక్టరు.

“ఎనిమిది రోజులుగా అతను వెతుకుతూనే ఉన్నాడు. మనం ఇవాళ మొదలుపెట్టాం,” అంది.

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. మేస్త్రి చుట్టాల ఇళ్ళు, స్నేహితుల ఇళ్ళు చూడడానికి మనుషుల్ని పంపుతానని అన్నాడు. ఆ జాబితా కాంట్రాక్టరు ఈపాటికి పూర్తి చేసి ఉంటాడని ఆమె అంటుండగా ఫోను మోగింది. నాలుగూ ఇరవై రెండు. పళ్ళ డాక్టరు.

పొద్దున ఒక్క తేదీ చెప్పడానికి అరగంట తీసుకున్న మనిషి, ఇప్పుడు నమస్కారం కూడా లేకుండా, నా పెట్టె అర్జెంటుగా పంపించండి అన్నాడు. సాక్ష్యం కింద మా దగ్గరుంటుందని ఆమె చెప్పింది. అలా కాదండీ, అయిదింటికల్లా నాకు కావాలి అన్నాడు.

“అయిదింటికి దాంతో ఏం పని డాక్టరు గారూ?”

అవతల సొరుగు తెరిచి మూసిన చప్పుడైంది.

“డాక్టరు గారూ, మేస్త్రి మీకు ఎప్పుడు ఫోను చేశాడు?”

ఈసారి ఆయన సూటిగానే చెప్పాడు. నిన్న సాయంత్రం, నేరుగా తన సొంత నంబరుకు. టెంపరరీ క్యాప్ విరిగిపోయిందట. మొండి పన్ను అంచు నాలుకనూ చిగుళ్ళనూ కోసేస్తోందట, రెండు రోజులుగా అన్నం లేదట, గొంతు కూడా సరిగ్గా పలకడం లేదు. సోమవారం దాకా ఎవరికీ చెప్పవద్దని ప్రాధేయపడ్డాడు. ఇవాళ అయిదింటికి రమ్మని, ఎవరికీ చెప్పనని డాక్టరు మాటిచ్చాడు. కౌంటరు అమ్మాయిని ఈ రోజు తొందరగా ఇంటికి పంపేశాడు. ఆ పన్ను అలా వదిలేస్తే ఈ వారంలోనే చీలిపోతుంది, పీకేయడం తప్ప దారుండదు, అందుకని అంటూ మళ్ళీ వివరించబోయాడు.

“ఆగండి. ఇప్పుడు క్లినిక్‌లో ఎవరున్నారు?”

“నేనూ, ఒక పేషెంటూ. రెండింటి నుంచి బెంచీ మీద కూర్చున్నాడు. పన్ను నొప్పట. అతని తర్వాత వచ్చినవాళ్ళందరూ వెళ్ళిపోయారు. లోపలికి రండి అని మూడుసార్లు పిలిచాను. తొందరేం లేదు, అందరూ అయ్యాక చూపించుకుంటాను అంటున్నాడు.”

క్లినిక్ పేరు పేపర్లో చదివిన కాంట్రాక్టరు అక్కడ మనిషిని పెట్టకుండా ఉంటాడా? ఇన్‌స్పెక్టర్ అప్పటికే తలుపు దగ్గర ఉన్నాడు. డిటెక్టివ్ ఫోను చెవికి నొక్కిపెట్టుకుని అతని వెనకే పరుగెత్తింది. అక్కడి నుంచి క్లినిక్‌కు నలభై నిమిషాలు. దగ్గర్లోని స్టేషనుకు చెప్పు, ఎవరినైనా పంపమను అని మరిదికి చేత్తో సైగ చేస్తూ, ఫోన్లో మాత్రం గొంతు మామూలుగా ఉంచి, చాలా నెమ్మదిగా చెప్పింది.

“డాక్టరు గారూ, నా మాట వినండి. మీ గది తలుపు లోపల గడియ పెట్టుకోండి. మేస్త్రికి ఇప్పుడే ఫోను చేసి, రావద్దని చెప్పండి. ఇంకేమీ చెప్పకండి, కారణం కూడా చెప్పకండి. రావద్దు, అంతే.”

“అతని దగ్గర ఫోను లేదండీ,” అన్నాడు డాక్టరు. “ఎక్కడిదో ఫోను నుంచి చేశాడు. అయినా…”

ఆయన ఆగాడు. వెనకాల వీధి తలుపు తెరుచుకున్న చప్పుడు ఆమెకు ఫోన్లో వినిపించింది. మఫ్లరు అడ్డం పెట్టుకున్నట్టు ముద్దగా ఒక గొంతు, నొప్పి ఆగలేదు డాక్టరు గారూ, ముందే వచ్చేశాను అంది.

ఆ తర్వాత, తీరిగ్గా, బెంచీ మీద నుంచి ఎవరో లేచిన చప్పుడు.